పదిహేడో పేజీ

సోమవారం సాయంత్రం మూడో తరగతి చదివే పిచ్చుక బడి నుంచి కొత్త పుస్తకం తెచ్చుకుంది. పాతదాన్ని ఎలుకలు సగం తినేశాయి. గురువారం బడి చూడటానికి పెద్దవాళ్లు వస్తున్నారనీ, ఎలుక కొట్టిన పుస్తకం పట్టుకుని వాళ్ల ముందు నిలబడితే బాగుండదనీ టీచరు బీరువా అడుగున మిగిలిన కట్ట విప్పి ఒకటి తీసి ఇచ్చిందట.

“నన్నే నిలబెడతారంట అమ్మా, చదవడానికి. నన్నొక్కదాన్నే!”

“నిన్ను కాక ఇంకెవర్ని నిలబెడతారే,” అంది నాయనమ్మ మంచం మీంచి. “రేడియోకైనా కట్టేయడానికి మీట ఉంటుంది. నీకు అదీ లేదాయె.” పిల్లకు పిచ్చుక అని పేరు పెట్టింది ఆవిడే.

తల్లి నేల మీద ఖాకీ కాగితం పరిచి, పుస్తకాన్ని దాని మీద పెట్టి, వేలిగోటితో కొలత గీసుకుంది. బైండింగ్ షాపులో పనిచేసే మనిషికి స్కేలు అక్కర్లేదు. “ఏదీ, నేను కాగితం కోసేలోపు ఓ పాఠం చదువు, వింటాను,” అంది కత్తెర అందుకుంటూ.

పిచ్చుక పుస్తకాన్ని ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేతి చూపుడువేలు పేజీ మీద ఆనించి ‘పడవవాడి గొడుగు’ మొదలుపెట్టింది. ఏటి ఒడ్డున ఒక పడవవాడు ఉండేవాడు. వాడికి ఒకే ఒక గొడుగు ఉండేది. నడి ఏట్లో వాన పట్టుకుంటుంది. పడవలో ఉన్న పదిమందీ ఆ గొడుగు కిందే దూరాలని చూస్తారు, పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. చివరికి పడవవాడు గొడుగు తిరగేసి, దాంతోనే పడవలో నిండిన నీళ్లు తోడి పోస్తాడు. అక్కడికొచ్చేసరికి నాయనమ్మ ఎప్పుడూ నవ్వుతుంది. ఇవాళ కూడా నవ్వింది.

పొద్దుటి నుంచి షాపులో కాగితాలు మడిచి వచ్చిన తల్లి చేతులకు ఆ గొంతు వింటుంటే నొప్పి తెలియదు. ఆమె చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. తను పైకి చదివితే కంకర రోడ్డు మీద సైకిలు తొక్కినట్టుంటుంది. కూతురిది తారు రోడ్డు.

“ఇలా తే, అట్ట వేస్తాను.”

కొత్త పుస్తకం ఏది చేతికొచ్చినా ముందు వీపు నిమిరి, ఫారాలు సరిచూడటం ఆమెకు అలవాటు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి అచ్చవుతాయి. దాన్ని మూడు మడతలు వేస్తే ఒక ఫారం. ఫారాలను వరసగా పేర్చి కుడితే పుస్తకం. పేర్చేటప్పుడు ఒకటి జారిపోతే ఆ పుస్తకంలో పదహారు పేజీలు ఉండవు. అలా జారిపోకుండా చూడటమే పదకొండేళ్లుగా ఆమె పని. బొటనవేలితో అంచులు విదిలిస్తూ వెళ్లింది. పద్నాలుగు, పదిహేను, పదహారు. దాని ఎదురుగా ముప్పై మూడు.

రెండో ఫారం లేదు.

“ఎవరు పేర్చారో గానీ, మా షాపులో అయితే చెవి ఊడొచ్చేది,” అని నవ్వుకుంది. “పిచ్చుకా, ఇందులో పదిహేడో పేజీ లేదే. రేపు టీచర్ గారికి చెప్పి మార్చుకో.”

అట్ట ఒక పక్క లోపలికి మడిచింది. రెండో పక్క మడవబోతూ ఆగిపోయింది.

పదహారో పేజీ చివర వాన మొదలవుతుంది. అంతే. పడవ ఒరగడం గానీ, గొడుగు తిరగేయడం గానీ, నీళ్లు తోడి పోయడం గానీ ఈ పుస్తకంలో లేవు. ముప్పై మూడో పేజీ నిండా చీమల బొమ్మలు. వాటి కింద వేరే పాఠం ఏదో సగంలోంచి మొదలైంది. పిల్ల వేలు ఆ చీమల మీదుగానే నడిచి ఉండాలి. అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, పేజీ తిప్పిన చప్పుడు కూడా వినిపించింది.

ఆమె పుస్తకాన్ని అట్టలోంచి బయటికి లాగింది.

“పిచ్చుకా, ఇది చదువు.” మధ్యలో ఎక్కడో తెరిచి ఇచ్చింది.

“ఏ పాఠం?”

“ఏదైతే ఏంటి? చూసి చదువు.”

“పేరు చెప్పమ్మా. పేరు చెప్తే చదువుతా.”

షాపు నుంచి తెచ్చిన చిత్తుకాగితం ఒకటి గూట్లో ఉంది. ఇనుప సామాను కొట్టువాళ్లు అచ్చు వేయించుకున్న పట్టిక. ఆమె దాన్ని తీసి కూతురి ముందు పెట్టి, మొదటి మాట మీద వేలు ఉంచింది. పిచ్చుక కాగితం వంక చూసింది. తల్లి ముఖంలోకి చూసింది. జడ కొస నోట్లో పెట్టుకుంది.

“ఇది మాకు చెప్పలేదు.”

“దానికి ఆకలేస్తోందేమో చూడవే,” అంది నాయనమ్మ. “ఇంకెంతసేపు చదివిస్తావు పసిదాన్ని.”

తల్లి పిల్లను పెరట్లోకి తీసుకెళ్లి, నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చోబెట్టి, మెల్లగా అడిగింది. అక్షరాలు వచ్చా? వచ్చు. వరసలో అడిగితే గడగడా చెప్పింది. మధ్యలోంచి ఒకటి రాసి చూపిస్తే, మొదటి అక్షరం నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ అక్కడిదాకా వచ్చి చెప్పింది. రెండు అక్షరాలు పక్కపక్కన రాస్తే ఊరుకుంది.

“ఎప్పట్నించే ఇలా?”

“మొదట్నించీ.”

“మరి టీచర్ గారికి తెలీలేదా?”

“అందరం కలిసే చదువుతాం కదా.” పిల్ల ఏడుస్తోంది. చప్పుడు చేయకుండా ఏడవడం ఎప్పుడు నేర్చుకుందో తల్లికి తెలియదు. “ఎవరికీ చెప్పకమ్మా. నన్ను ఒకటో క్లాసులో కూర్చోబెడతారు. చిన్నపిల్లలందరూ నవ్వుతారు.”

*

మంగళవారం షాపులో ఆమె వరస పేరుస్తోంది. పొడుగు బల్ల మీద తొమ్మిది దొంతరలు. ఒక్కో దొంతర మీంచి ఒక్కో ఫారం తీసుకుంటూ బల్ల చుట్టూ నడవాలి. ఒక చుట్టు తిరిగితే ఒక పుస్తకం. కాళ్లు వాటి మానాన అవి తిరుగుతున్నాయి. రెండేళ్లుగా రోజూ వింది. కళ్లు పని మీద పెట్టుకుని చెవులతో వింది. ఒక్కసారి తలెత్తి, పిల్ల వేలు ఎక్కడుందో చూసి ఉంటే!

యజమాని పేపరు మడిచి బల్ల మీద కొట్టాడు. “మన బడి గురించి వేశారు. గురువారం వచ్చి చూసి, ఉంచాలో, ఎత్తేసి రోడ్డవతల పెద్ద బడిలో కలపాలో తేలుస్తారంట. ఎత్తేయాల్సిందే అంటాను నేను. ఇన్నేళ్లూ అది సమాజానికి ఒరగబెట్టింది ఏంటి?”

“మిమ్మల్ని ఒరగబెట్టింది,” అంది కుట్టక్క. కిటికీ కింద పీట మీద కూర్చుని ఫారాలు కుట్టే ఆవిడను అందరూ అలాగే పిలుస్తారు. సూది పైకి లాగి, దారం పంటితో తెంపింది. “మీరు చదివింది ఏ రాజకుమారుల కాలేజీలో?”

“అప్పటి బడి వేరే.”

“అప్పటి మీరూ వేరే. ముక్కు చీదుకుంటూ వెళ్లేవారంట. మీ అమ్మగారే చెప్పారు.”

“నవ్వు, నవ్వు. మా మనవణ్ని చూడు, టై కట్టుకుని వెళ్తాడు.”

“టై మెడకేగా కట్టేది, మెదడుక్కాదుగా.”

యజమాని నవ్వేశాడు గానీ వదల్లేదు. “అది కాదక్కా. వచ్చినా రాకపోయినా పై క్లాసుకు, పై క్లాసుకు తోసేస్తుంటే అది బడి ఎలా అవుతుంది? పెద్దాళ్లు పనికెళ్లి వచ్చేదాకా పిల్లల్ని దాచే కొట్టు అవుతుంది.”

“ఎత్తేస్తే వస్తుందా మరి చదువు? రోడ్డు దాటడం వస్తుంది. అదీ వస్తే.”

ఎప్పుడూ కుట్టక్కకు వంతపాడే ఆమె ఆవేళ బల్ల చుట్టూ తిరుగుతూనే ఉంది. యజమాని మాట నిజమని ఆమెకు నిన్నటి నుంచి తెలుసు. కుట్టక్క మాట అంతకు ముందు నుంచీ తెలుసు. పిచ్చుక తండ్రి లారీ నడుపుతాడు. ఇంటికొచ్చినప్పుడల్లా ఆ రోడ్డు మలుపు గురించి చెబుతాడు. లోడు మీద ఉంటే అక్కడ బ్రేకు తొక్కినా బండి మన మాట వినదు అంటాడు. ఆ మలుపు దగ్గరే పిల్లలు రోడ్డు దాటాలి. ఎనిమిదేళ్లవాళ్లు, ఆరేళ్లవాళ్లు, రోజుకు రెండుసార్లు.

“ఏమే,” అంది కుట్టక్క, కుట్టబోతున్న పుస్తకం ఆమె ముందు విప్పి పట్టుకుని. “ఈ ఇంట్లో నాలుగు మూడుకంటే ముందు పుట్టిందా?”

నాలుగో ఫారం మూడోదాని మీద ఉంది. ఆ దొంతరలో పన్నెండు పుస్తకాలు అలాగే ఉన్నాయి. పదకొండేళ్లలో ఆమె చేతి కింద ఇలా జరగలేదు. కుట్టక్క యజమాని వైపు చూసి, గొంతు తగ్గించి, “పో, ఎక్కడికెళ్లాలో అక్కడికెళ్లిరా. ఇవి నేను సర్దుతాలే,” అంది.

*

బడికి రెండు గదులు. మధ్యలో గోడకు ఒక ద్వారం. టీచరు కుర్చీ ఆ గడప మీదే ఉంటుంది. ఇటు ఒకటి, రెండు తరగతులు. అటు మూడు, నాలుగు, ఐదు. తల్లి వెళ్లేసరికి అటు గది పిల్లలు చేతులు కట్టుకుని ఒక్క గొంతుతో పాఠం చదువుతున్నారు. ముందు బల్లలోంచి పిచ్చుక ఒక వాక్యం అంటుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. టీచరు వాళ్లకు వీపు పెట్టి, ఇటు గదిలో ఒక పిల్లకు కూడిక చూపిస్తోంది. వెనక చదువు కాస్త సన్నగిల్లగానే, తిరిగి చూడకుండానే, “ఊఁ, గట్టిగా,” అంటోంది. గది మళ్లీ హోరెత్తుతోంది.

తల్లి గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. వచ్చేటప్పుడు దారంతా కూడబెట్టుకున్న మాటలు ఆ హోరులో చెదిరిపోయాయి.

“రామ్మా,” అంది టీచరు. యాభై దాటిన మనిషి. చీర కుచ్చిళ్ల మీద సుద్దపొడి. “గురువారం నువ్వు రావాలి, మర్చిపోకు. మీ అమ్మాయినే నిలబెడుతున్నా. ఈ బడి మొత్తానికి అంత బాగా చదివే పిల్ల లేదు.”

“దానికి చదవడం రాదండీ, టీచర్ గారూ.”

టీచరు నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే తల్లి తన సంచిలోంచి పుస్తకం తీసి, పదహారూ ముప్పై మూడూ పక్కపక్కన ఉన్న చోట తెరిచి పట్టుకుంది. జరిగింది చెప్పింది. ఆవిడ పేజీ అంకెలను ఒకటికి రెండుసార్లు వేలితో తడిమింది. తరువాత వెనక్కి తిరిగి హోరెత్తుతున్న గదిని చూసింది. బడి మొత్తం నలభై ఒక్కమందిలో ఆ గదిలో ఉన్నది ఇరవై అయిదుగురు. ఎవరి ముందూ పుస్తకం తెరిచి లేదు.

“నేనే అలవాటు చేశాను,” అంది చివరికి. “ఒక గది అరుస్తూ ఉంటే రెండో గదికి పాఠం చెప్పుకోవచ్చు. అరుపు ఆగిందంటే ఎవరో అల్లరి చేస్తున్నారని తెలుస్తుంది. చేతులు రెండే కదమ్మా నాకు.” ఆవిడ సుద్దముక్క ఒకటి చేతిలోకి తీసుకుంది. “ఇంకా ఎంతమంది ఇలా ఉన్నారో ఇప్పుడే పిలిచి చూడొచ్చు. చూడాలంటే భయమేస్తోంది.”

కోప్పడదామని వచ్చిన ఆమెకు ఏం చేయాలో తోచలేదు. తనకంటే పెద్దది, చదువుకున్నది, తను చేయెత్తి దణ్ణం పెట్టే మనిషి, చేతిలో సుద్దముక్కను పొడిపొడిగా నలిపేస్తోంది.

“గురువారం దాకా ఎవరికీ చెప్పకమ్మా. నీకు పుణ్యముంటుంది. చూసి చదివినా, చూడకుండా చెప్పినా వినేవాళ్లకు ఒకటే. వాళ్లు రాసుకుని వెళ్లిపోతారు. బడి నిలబడుతుంది. ఆ మర్నాటి నుంచి ఒక్కొక్కళ్లనీ నా దగ్గర కూర్చోబెట్టుకుంటాను. నీ కూతుర్ని మొదట.”

ఆమె తలూపింది. బడి నిలబడకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. టీచరు ఇంకో పుస్తకం తీసి, ఫారాలు ఆమె చేతే సరిచూపించి ఇచ్చింది. ఆమె దాన్ని సంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది. ఆ హోరు వీధి మలుపుదాకా వినిపించింది. అందులో అందరికంటే ముందు వినిపించే గొంతు తన కూతురిదే.

*

టీచరు గురువారం తరువాత అంది గానీ, ఆమె ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. అట్టముక్క ఒకటి తీసుకుని, మధ్యలో బొటనవేలు పట్టేంత కిటికీ కోసింది. దాన్ని ఇనుప సామాను పట్టిక మీద పెట్టింది. కిటికీలోంచి ఒక్క అక్షరమే కనిపిస్తుంది. ముందుకు ఉరకడానికి వీల్లేదు.

“ఈ అక్షరం ఏంటి?”

పిచ్చుక వేళ్లు లెక్కపెట్టుకోబోయింది. తల్లి ఆ వేళ్లు పట్టుకుంది. “లెక్కొద్దు. దీని ముఖం చూసి చెప్పు. మీ నాయనమ్మను గుర్తుపట్టాలంటే ఇంట్లో అందర్నీ మొదట్నించి లెక్కపెడతావా?”

“నన్నైతే దగ్గును బట్టి పడుతుంది,” అంది నాయనమ్మ. ఆవిడకు ఇదంతా గురువారం కోసం చేసే సాధన అని చెప్పారు.

మొదటి రోజు అక్షరాలతో, గుణింతాలతోనే సరిపోయింది. బుధవారం చీకటితో లేచి మళ్లీ కూర్చున్నారు. పిల్ల చిరాకు పడింది, అట్ట విసిరేసింది, మళ్లీ తెచ్చుకుంది. తల్లికి చేతనైన విద్య అదొక్కటే. ఒకటి పెట్టాలి, దాని పక్కన ఇంకొకటి పెట్టాలి, వరస తప్పకుండా చూసుకోవాలి. అట్టను ఒక్కో అక్షరం జరుపుతూ వెళ్లింది.

“మ.”

“ఊఁ.”

“ర. మే.” పిచ్చుక నాలుక బయటపెట్టి, ముక్కు కాగితానికి ఆనించింది. “కు.”

తల్లి అట్ట తీసేసింది. “మొత్తం కలుపు.”

“మ… ర… మేకు. మరమేకు.” పిల్ల తలెత్తింది. “మరమేకు అంటే ఏంటమ్మా?”

“స్క్రూ.”

“అయితే స్క్రూ అని రాయొచ్చుగా!” అని విసుక్కుంది. వెంటనే ఏదో తట్టినట్టు కాగితం వైపు చూసింది. “నాకు ఆ మాట తెలీదు కదా. ఎవరూ చెప్పలేదు కదా. మరి నాకెలా వచ్చింది?”

“అక్కడ ఉంది కాబట్టి వచ్చింది.”

పిచ్చుక ఆ మాటను మళ్లీ వేలితో తడిమింది, కాలుతుందేమో అన్నట్టు. తల్లి ముఖం పక్కకు తిప్పుకుంది. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో తేల్చుకునే తీరిక లేదు. షాపుకు వేళయింది.

ఆ సాయంత్రం పిల్ల ఇల్లంతా తిరిగింది. నూనె డబ్బా, సబ్బు కాగితం, గోడ మీద క్యాలెండరు, దేన్నీ వదల్లేదు. ఒత్తులున్న చోట ఆగిపోయి, గింజుకుని, వదిలేసి, తేలికైనది వెతుక్కుంది. ఒక్కో మాటకు బావిలోంచి చేద తోడినంత సేపు పడుతోంది.

పడుకోబోయే ముందు తల్లి తల దువ్వుతూ అంది, “రేపు బడిలో మాత్రం ‘పడవవాడి గొడుగు’ ఎప్పట్లాగే గడగడా అనేసెయ్. సరేనా?”

“చదవనా, చెప్పనా?”

దువ్వెన ఆగింది. “చెప్పు.”

పిచ్చుక తన చూపుడువేలి వంక చూసుకుంది. తరువాత తగ్గు గొంతుతో, “ఇంతకుముందు వేలు ఎక్కడ పెట్టినా ఏం అనిపించేది కాదమ్మా,” అంది. “ఇప్పుడు వేలు ఒకచోట, నోరు ఒకచోట ఉంటే నాకు తెలిసిపోతోంది. నత్తి వచ్చేస్తోంది.”

“కళ్లు మూసుకుని చెప్పు.”

“కళ్లు మూసుకుంటే వాళ్లు చూడరా?”

తల్లి పాయలు విడదీసి అల్లింది. జడ బిగించి, “ఏం కాదులే, పడుకో,” అంది. ఏం కాదులే అని ఎవరికి చెప్పుకుంటోందో ఆమెకే తెలియలేదు.

*

గురువారం రెండు గదుల పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. వెనక గోడ పక్కన తల్లిదండ్రులు పదిహేను మంది. నాయనమ్మ ఉతికిన చీర కట్టుకుని, కోడలి భుజం పట్టుకుని వచ్చి, వాళ్లలో ముందువరస బెంచీ చూసుకుని ఆమె పక్కనే కూర్చుంది. “నా మనవరాలే చదివేది,” అని పక్కావిడకు అప్పుడే రెండుసార్లు చెప్పింది.

వచ్చింది ఇద్దరు. జుట్టు నెరిసిన అధికారి ఒకరు. ఆయన పక్కన, అట్టకు కాగితాలు బిగించుకుని రాసుకునే అమ్మాయి ఒకతె. అధికారి కటువు మనిషిలా లేరు. పిల్లల్ని కూర్చోమన్నారు, కుండలో నీళ్లు తాగారు, కప్పు కేసి చూసి కారుతుందా అని అడిగారు. అది చూస్తే తల్లికి ఇంకా భయమేసింది. అరిచేవాళ్లయితే ఎప్పుడు అరుస్తారో తెలుస్తుంది. రాసుకునే అమ్మాయి ఆమెకు దగ్గరగానే నిలబడింది. కాగితం మీద మూడు గళ్లు కనిపిస్తున్నాయి. ధారాళంగా చదువుతారు. కూడబలుక్కుని చదువుతారు. చదవలేరు.

“మూడో తరగతి నుంచి ఎవరైనా ఒకరు,” అన్నారు అధికారి.

టీచరు పిచ్చుక వైపు చూసింది. పిచ్చుక లేచి ముందుకు వచ్చింది. టీచరే పుస్తకం తెరిచి, పాఠం పేరు పైకి చదివి, పిల్ల చేతిలో పెట్టింది. ఆవిడ చేతులు ఒక్క క్షణం పుస్తకాన్ని వదల్లేదు. పిల్ల లాక్కోవలసి వచ్చింది.

పిచ్చుక వేలు పేజీ మీద ఆనించింది. నోరు తెరిచింది. ఏమీ రాలేదు. కళ్లు మూసుకో, అనుకుంది తల్లి. మూసుకుని అనేసెయ్. పిల్ల కళ్లు మూసుకుంది కూడా. మళ్లీ తెరిచి, తలవంచి, ముక్కు పుస్తకానికి దగ్గరగా తెచ్చింది.

“ఏ… టి. ఏటి.”

నాయనమ్మ కోడలి మోచేతిని గిల్లింది. “ఏమైందే దీనికి, గొంతు పట్టేసిందా?”

“ఒ…” పిచ్చుక వేలు అక్కడే ఆగింది. డకారం కింద ఒత్తు. నిన్న సాయంత్రం అంతా వాటి దగ్గరే ఆగిపోయింది. “ఒ… డ… ఒడ…”

ముందు ఎవరో ఒకరు అందించారు. తరువాత ఇద్దరు. మరుక్షణం గది మొత్తం అందుకుంది. ఏటి ఒడ్డున ఒక పడవవాడు ఉండేవాడు. వాడికి ఒకే ఒక గొడుగు ఉండేది. చేతులు కట్టుకుని, ఎదురుగా గోడకేసి చూస్తూ, ఒక్క గొంతుతో, నడి ఏట్లో వాన దాకా వెళ్లిపోయారు.

“ఉష్!” పిచ్చుక గిర్రున తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. “చెప్పకండే! నేను చదువుతున్నా!”

హోరు ఆగిపోయింది. అధికారి చిన్నగా నవ్వి, టీచరు వైపు తిరిగారు. “బాగా తయారుచేశారమ్మా. అందరికీ నోటికి వచ్చేసింది. ఈ అమ్మాయి ఒక్కతే కాస్త వెనకబడినట్టుంది, అంతేనా?”

రాసుకునే అమ్మాయి పెన్ను మొదటి గడి మీదకు వెళ్లి నిలబడింది.

అంతే అంటే చాలు. ఒక్క మాట. నలభై మందీ ధారాళంగా చదువుతారు, ఒక్క పిల్ల చదవలేదు. బడి ఉంటుంది. రోడ్డు దాటక్కర్లేదు. తల్లికి ఆ లెక్క కనురెప్పపాటులో అర్థమైంది. తన కూతురి తల మీదుగా టీచరు కళ్లలోకి చూసింది. అనేయండి, అంది కళ్లతో. మా పిల్లది మేం చూసుకుంటాం, అనేయండి. టీచరు కూడా ఆమెనే చూస్తోంది. చేయి చీర చెంగును వేళ్లకు చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

“కాదండీ,” అంది టీచరు.

ఆ మాట ఎంత మెల్లగా వచ్చిందంటే, అధికారి చెవి ముందుకు వంచారు.

“మిగతా నలభై మందిలో చదవడం ఎందరికి వచ్చో నాకు తెలీదు. వాళ్లు అప్పజెబుతున్నారు. నేనే అలా నేర్పాను.” ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. “ఇక్కడ చదువుతున్నది ఆ అమ్మాయి ఒక్కతే.”

రాసుకునే అమ్మాయి అధికారి ముఖంలోకి చూసింది. పెన్ను ఏ గడి మీదా లేదు. వెనక గోడ పక్కన తల్లిదండ్రుల్లో గుసగుస లేచింది. ఎవరో, “అంటే మావాడికీ…” అని మొదలుపెట్టి మింగేశారు. బెంచీల మీద పిల్లలు మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. తల్లి బెంచీ అంచు పట్టుకుంది. పోయింది, అనుకుంది. ఇక బడి పోయింది. రేపటి నుంచి ఆ రోడ్డు.

అధికారి గడియారం చూసుకున్నారు. తరువాత, “సరేనమ్మా, నువ్వు కూర్చో,” అన్నారు పిల్లతో.

పిచ్చుక కూర్చోలేదు. ఆ మాట వినలేదేమో కూడా. తల పుస్తకంలోనే ఉంది, వేలు ఒత్తు మీదే ఉంది, పెదాలు కదులుతున్నాయి. ఆయన కూర్చో అని మళ్లీ అనబోయి, ఎందుకో ఆగి, పిల్లల బెంచీ చివర ఖాళీగా ఉన్న జానెడు జాగాలో తనే కూర్చున్నారు.

“ఒ… డ్డు…” అంది పిచ్చుక. “ఒడ్డు…”

గదిలో నలభై మందికీ తరువాతి అక్షరం తెలుసు. ఎవరూ అందించలేదు.